సముద్రాన్ని దున్నే ఓడ... జాడ చెప్పేస్తుంది!

మహేశ్వరం నుంచి శంషాబాద్ దాకా ఏ డాబా ఎక్కి తలెత్తినా ఓ విమానం కనిపిస్తుంది. 2008లో విమానాశ్రయం మొదలైనప్పటి నుంచీ ఇక్కడి పిల్లలకదే కాలక్షేపం. 'అదెక్కడికెళ్తోంది?' అనడిగితే ఇప్పుడు ఫోన్లో చూసి చెప్పేయొచ్చు. విమానం తన జాడ తానే చెబుతుంటుంది మరి. ఓడలదీ అదే పద్ధతి. వాటిలో చూడముచ్చటైంది డ్రెడ్జర్!

మామూలు ఓడ ఈ రేవు నుంచి ఆ రేవుకు గీత గీసినట్టు వెళ్లిపోతుంది. డ్రెడ్జర్ అలాక్కాదు, అక్కడక్కడే తిరుగుతుంది. తెరమీద దాని దారి చూస్తే అచ్చం దున్నిన చేనే... పక్కపక్కనే చాళ్లు! గంటకు నాలుగైదు కిలోమీటర్ల వేగంతో నడుస్తూ, పొడవాటి గొట్టాన్ని అడుగుకు దించి ఇసుకనీ నీటినీ కలిపి పీల్చేస్తుంది. కడుపు నిండగానే వేగం పెరుగుతుంది. లోతుకు వెళ్లి అడుగు తలుపులు తెరిచి పారబోస్తుంది. లేదంటే గొట్టాలతో ఒడ్డుకు పంపిస్తుంది.

విశాఖవాసులకు ఇది సరదా సంగతి కాదు. అవుటర్ హార్బర్ గోడలు కట్టాక దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుక అక్కడే ఆగిపోయింది. ఆర్కే బీచ్ కోసుకుపోవడం మొదలైంది. ఆగిన ఇసుకను తోడి బీచ్‌కి చేర్చాల్సింది డ్రెడ్జరే. అది దూరంగా ఎక్కడో పారబోస్తే తీరానికి అందేదేముంది? అందుకే ఎక్కడ తవ్వింది, ఎక్కడ పోసింది అన్న లెక్క ముఖ్యం. 1976లో ఏర్పడిన డ్రెడ్జింగ్ కార్పొరేషన్ కేంద్రం కూడా విశాఖే.

జాడ చెప్పే పరికరం పేరు ఏఐఎస్. ఉపగ్రహాల సాయంతో తానున్న చోటు తెలుసుకుని ఓడ పేరు, వేగం, దిశ కలిపి రేడియోలో చెబుతుంటుంది. నడుస్తుంటే కొన్ని సెకన్లకోసారి, లంగరేస్తే 3 నిమిషాలకోసారి. ప్రతి ఓడకీ 9 అంకెల నంబరుంటుంది. మన దేశానివైతే 419తో మొదలవుతాయి.

భూమి గుండ్రం కాబట్టి ఆ మాట కొన్ని పదుల కిలోమీటర్లే వినిపిస్తుంది. ముంబయి దాడుల తర్వాత మన తీరం పొడవునా 74 లైట్‌హౌసుల్లో దాన్ని వినే ఏర్పాటు చేశారు. నడిసముద్రంలో వినాలంటే ఉపగ్రహాలే దిక్కు. 2011 ఏప్రిల్ 20న శ్రీహరికోట నుంచి వెళ్లిన రిసోర్స్‌శాట్-2లో అలాంటి పరికరం ఒకటి పెట్టారు. ఆ ఉపగ్రహం తీసిన భూమి ఫొటోలు అందుకున్నది ఎక్కడనుకున్నారు? శంషాబాద్ దాటాక వచ్చే షాద్‌నగర్‌లో!

అలాగని తెరమీద కనిపించేదంతా నమ్మడానికి లేదు. చేరాల్సిన రేవు పేరు మనుషులే టైపు చేస్తారు. మార్చడం మరిచిపోతే పాత రేవే కనిపిస్తుంది. ఓడలో పనిచేసేవాళ్ల ఇళ్లలో అసలు బెంగ వేరే... చుక్క కనబడకుండా పోయిందని! చాలాసార్లు ఓడ రిసీవర్లకు అందనంత దూరం వెళ్లి ఉంటుంది, అంతే.

చిన్న పడవల్లో వెళ్లే జాలరులకు తెరలేం ఉంటాయి? వాళ్లకు దీపాలే గుర్తు. రాత్రిపూట డ్రెడ్జర్ మీద ఒకదాని కింద ఒకటిగా రెండు ఎర్ర దీపాలున్న వైపు అడ్డు ఉన్నట్టు. రెండు ఆకుపచ్చ దీపాలున్న వైపు నుంచి పడవ పోనివ్వొచ్చు.