ముసలమ్మ ఊరికే ఉంటున్నదా?

పట్నంలో ఉద్యోగం చేసినాయన రిటైరైతే పొద్దున వాకింగు, కాసేపు పేపరు, మధ్యాహ్నం కునుకు. జీవితమంతా పనిచేశాడు, ఆ మాత్రం సుఖం ఉండాల్సిందే. మనకేం పేచీ లేదు. మరి నలభై యాభై ఏళ్లు నడుం వంచి నాట్లేసిన కూలి ముసలమ్మకి దినం ఎట్లా గడుస్తున్నది? "ఆమెకేం, ఇంటికాడ ఊరికే ఉంటది" అని మనవాళ్లే అంటారు.

మిరపకోతల కాలంలో గుంటూరు, పల్నాడు పల్లెలకి వెళ్లి చూడండి. కోడలు తెల్లారకముందే ఆటో ఎక్కి కోతకి పోతుంది. అంతకుముందే ముసలమ్మ లేచి పొయ్యి రాజేస్తుంది. కోడలికి క్యారేజీ కట్టేది ఆమె, నీళ్లు పట్టేది ఆమె, పిల్లలకి తలదువ్వి ఒకర్ని బడికి, ఒకర్ని అంగన్‌వాడీకి పంపేది ఆమె. తర్వాత మేకలకి ఆకు. ఆపైన తాలుకాయలు ఏరడానికో, తొడిమలు తీయడానికో పిలుపొస్తే అదీ వదలదు. ఘాటుకి తుమ్ములు, రాత్రంతా చేతులు మంట. కిలో లెక్కన ఇచ్చే కూలి, వేళ్లు వంకర్లు పోయిన మనిషికి ఏం గిట్టుతుంది?

ముసలాయనకీ కళ్లం కాపలా తప్పదు. అయితే సాయంత్రం రచ్చబండ మీద చుట్ట కాల్చుకునే తీరిక ఆయనకి దొరుకుతుంది. ఆమెకి అక్కడ చోటే లేదు. ఈ మాట మన సంఘంలో మగవాళ్లకి రుచించదు, అయినా చెప్పాలి.

కోడలు కూలి తెస్తున్నదంటే వెనక ముసలమ్మ ఉండబట్టే. ఆమె మంచాన పడిన రోజు కోడలి కూలీ పోతుంది.

జనం పొద్దు ఎట్లా గడుపుతున్నారో కేంద్రప్రభుత్వం 2019లోనూ, 2024లోనూ సర్వే చేయించింది. తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు 4 దాకా ఎవరేం చేశారో అడిగి రాసుకున్నారు. 2024 లెక్కలో కూలిలేని ఇంటిపని చేసిన ఆడవాళ్లకి రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్లకి 88. నిమిషాలు లెక్కపెట్టడం నేర్చుకున్నారు, సంతోషం. కూలి కట్టేదెప్పుడు?

1995లో 75 రూపాయలతో మొదలైన కేంద్రం పింఛను 2007 నాటికి 200 అయింది. 79 ఏళ్ల దాకా ఈనాటికీ అదే 200! ఆంధ్రలో రాష్ట్రప్రభుత్వం 2024 జూలై నుంచి 4000 ఇస్తున్నది. దానికి ఇంటికొక్కటే అన్న షరతు. ముసలాయనకి వస్తే, ఆయనకంటే ముందు లేచి ఆయనకంటే వెనక పడుకునే ముసలమ్మకి రాదు. ఇదేం న్యాయం?

ఈసారి సచివాలయానికి అర్జీ పట్టుకుపోయేటప్పుడు ముసలాయన్నొక్కణ్ణే తీసుకుపోకండి. ఆమెనీ తీసుకుపోండి, ఆమె పేరునా ఒక అర్జీ రాయండి. ఆ పూట పిల్లల్ని ముసలాయన చూసుకుంటాడు.