'కన్సల్టేషన్' అంటే అడగడమా, ఒప్పుకోవడమా? ఒక ఇంగ్లిష్ మాట చుట్టూ దశాబ్దాల వివాదం

ఆసుపత్రిలో డాక్టర్‌కు కన్సల్టేషన్ ఫీజు కడతాం. ఆయన రాసిన మందులు వాడాలా, మానాలా అన్నది మాత్రం మన ఇష్టం. మరి అదే మాట రాజ్యాంగంలో ఉంటే? భారత ప్రధాన న్యాయమూర్తిని 'కన్సల్ట్' చేసి రాష్ట్రపతి జడ్జిలను నియమించాలని రాసి ఉంటే, ప్రధాన న్యాయమూర్తి వద్దన్న వ్యక్తిని ప్రభుత్వం జడ్జిగా నియమించవచ్చా?

ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1977 నుంచి 1998 మధ్య నాలుగు సార్లు జవాబు చెప్పింది. మొదట చెప్పిన జవాబు, చివర చెప్పిన జవాబు ఒకటి కావు. రాజ్యాంగంలో ఆ మాట మాత్రం అలాగే ఉంది.

ఒక మాట, ఎన్నో మెట్లు

తెలుగులో దీన్ని సాధారణంగా 'సంప్రదింపు' అంటున్నాం. కానీ ఆచరణలో ఈ మాట కింద చాలా మెట్లు ఉన్నాయి. ముందుగా తెలియజేయడం ఒకటి. అభిప్రాయం అడగడం ఇంకొకటి. సలహా తీసుకుని ఆలోచించడం, కూర్చుని చర్చించడం ఆపై మెట్లు. సమ్మతి పొందడం అన్నిటికంటే పై మెట్టు.

'మాట వరసకు అడిగారు' అంటే అడగడం లాంఛనమని మనకు వెంటనే తెలిసిపోతుంది. 'ఆయన మాట కాదని ఏమీ చేయరు' అంటే ఆయన చేతిలో వీటో ఉందని అర్థం. ఇంగ్లిష్‌లో ఈ రెండు సందర్భాల్లోనూ కన్సల్ట్ అనే మాటే వాడవచ్చు. ఎవరికి ఎంత బలం ఉందో ఆ మాట తనంతట తాను చెప్పదు.

అయితే చట్టంలో దీనికి దగ్గర మాటలు విడిగా ఉన్నాయి. 'కన్సెంట్', 'కన్‌కరెన్స్' అంటే సమ్మతి. 'అడ్వైస్' అంటే సలహా. చిత్రమేమిటంటే, మంత్రిమండలి ఇచ్చే 'అడ్వైస్' ప్రకారమే రాష్ట్రపతి నడుచుకోవాలని 1976లో 42వ సవరణ స్పష్టం చేసింది. నిఘంటువు ప్రకారం సలహాను పాటించకపోయినా ఫర్వాలేదు. రాజ్యాంగంలో మాత్రం అది దాదాపు ఆదేశంతో సమానం. అంటే ఇక్కడ నిఘంటువు ఒక్కటే చాలదు.

1949లో తిరస్కరించిన మాట

'కన్సల్టేషన్' చాలదని రాజ్యాంగ సభలోనే కొందరు అన్నారు. జడ్జిల నియామకానికి ప్రధాన న్యాయమూర్తి 'కన్‌కరెన్స్' తప్పనిసరి చేయాలని మద్రాసు సభ్యుడు బి. పోకర్ సాహెబ్ సవరణ ప్రతిపాదించారు. 1949 మే 24న అంబేడ్కర్ దానికి జవాబిచ్చారు. ప్రధాన న్యాయమూర్తి ఎంత గొప్పవారైనా ఆయనా మనిషేనని, అందరికీ ఉండే లోపాలు, ఇష్టాయిష్టాలు ఆయనకూ ఉంటాయని, రాష్ట్రపతికే ఇవ్వని వీటోను ఆయనకు ఇవ్వడం ప్రమాదకరమని వాదించారు. సవరణ వీగిపోయింది. 'కన్సల్టేషన్' నిలిచింది.

ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయిన జడ్జి కేసు

ఎమర్జెన్సీ కాలంలో, 1976లో పలువురు హైకోర్టు జడ్జిలను వారి ఇష్టంతో పని లేకుండా బదిలీ చేశారు. గుజరాత్ హైకోర్టు జడ్జి జస్టిస్ సంకల్‌చంద్ సేఠ్‌ను ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు పంపారు. ఆయన కోర్టుకెక్కారు. బదిలీకి కూడా ప్రధాన న్యాయమూర్తితో 'కన్సల్టేషన్' జరగాలని 222వ అధికరణ చెబుతోంది.

1977లో సుప్రీంకోర్టు రెండు విషయాలు చెప్పింది. ఒకటి, కన్సల్టేషన్ అంటే సమ్మతి కాదు. రెండు, అది తూతూమంత్రంగా ఉండకూడదు. అడిగేవారు తమ దగ్గరున్న సమాచారమంతా ముందు పెట్టాలి. అవతలివారు ఆలోచించి చెప్పే వీలుండాలి. ఆ అభిప్రాయాన్ని కాదనాలంటే బలమైన కారణాలు ఉండాలి.

1981 డిసెంబరు 30న ఎస్.పి. గుప్తా కేసులో ఏడుగురు సభ్యుల ధర్మాసనం కూడా ఈ దారిలోనే నడిచింది. చివరి మాట ప్రభుత్వానిదేనని మెజారిటీ తీర్పు తేల్చింది.

1993: అర్థం తలకిందులైంది

1993 అక్టోబరు 6న తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం 7-2 మెజారిటీతో ఆ తీర్పును తిరగరాసింది. న్యాయవ్యవస్థ స్వతంత్రంగా ఉండాలంటే జడ్జిల ఎంపికలో ప్రభుత్వానిది పైచేయి కాకూడదని, తగినవారెవరో ప్రధాన న్యాయమూర్తికే బాగా తెలుస్తుందని కోర్టు భావించింది. ఆయన తన సీనియర్ సహచరులతో కలిసి చెప్పే అభిప్రాయానికే ప్రాధాన్యం ఉంటుందని ప్రకటించింది. ఇలా పుట్టిందే కొలీజియం. ఆ పేరు రాజ్యాంగంలో ఎక్కడా లేదు. 1998లో రాష్ట్రపతి కోరిన మీదట సుప్రీంకోర్టు దీన్ని మరింత వివరించింది. సుప్రీంకోర్టు నియామకాలకు ప్రధాన న్యాయమూర్తితో పాటు నలుగురు సీనియర్ జడ్జిలు ఉండాలని చెప్పింది.

1949లో సభ తిరస్కరించిన అర్థాన్ని కోర్టు దొడ్డిదారిన తెచ్చిందని విమర్శకులు అంటారు. 1973లో ముగ్గురు సీనియర్ జడ్జిలను పక్కనపెట్టి ప్రధాన న్యాయమూర్తిని నియమించిన తీరును, ఎమర్జెన్సీ బదిలీలను చూశాక మరో దారి లేదని సమర్థకులు అంటారు. కొలీజియం స్థానంలో కమిషన్‌ను తెస్తూ పార్లమెంటు చేసిన 99వ సవరణను 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు 4-1 తేడాతో కొట్టేసింది. విభేదించిన ఒకే ఒక్క జడ్జి కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్.

ఈ గొడవ మనకే పరిమితం కాదు. పాకిస్తాన్ సుప్రీంకోర్టు 1996లో అల్ జిహాద్ ట్రస్ట్ కేసులో, కన్సల్టేషన్ అర్థవంతంగా, ఏకాభిప్రాయం కోసం సాగాలని చెప్పింది. బంగ్లాదేశ్‌లో 1975 నాలుగో సవరణ ఆ మాటనే తీసేసింది. 2011లో 15వ సవరణ దాన్ని తిరిగి చేర్చింది.

గ్రామసభను అడిగితే?

ఇదే మాట ఆదివాసీ గూడేల్లోనూ ఉంది. 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రాజెక్టుల కోసం భూమి సేకరించే ముందు గ్రామసభను లేదా తగిన స్థాయి పంచాయతీని 'కన్సల్ట్' చేయాలి. ఇక్కడ దాని అర్థం సమ్మతి దాకా పెరగలేదు. ఊరు వద్దన్నా, 'అడిగాం కదా' అనే వీలు అధికారులకు మిగిలింది. అందుకే 2013 భూసేకరణ చట్టం మాట మార్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ముందస్తు 'కన్సెంట్' తీసుకోవాలని 41వ సెక్షన్‌లో రాసింది. అదే ఏడాది ఒడిశాలోని నియమగిరిలో, సుప్రీంకోర్టు ఆదేశంతో జరిగిన 12 గ్రామసభలూ బాక్సైట్ తవ్వకాలకు ఒప్పుకోలేదు. తవ్వకాలు ఆగాయి.

తెలుగు రాష్ట్రాలకు దీనికి దగ్గరి అనుభవం మరొకటి ఉంది. మూడో అధికరణ ప్రకారం రాష్ట్ర విభజన బిల్లుపై ఆ రాష్ట్ర శాసనసభ 'వ్యూస్' కోరాలి. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును తిరస్కరిస్తూ మూజువాణి ఓటుతో తీర్మానించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు బిల్లును ఆమోదించింది. శాసనసభ అభిప్రాయం అడగడమే షరతు, అది ఒప్పుకోవడం కాదు.

జడ్జిల విషయంలో సమ్మతి దాకా ఎక్కిన మాట గ్రామసభ దగ్గర ఎందుకు కింది మెట్టు మీదే ఆగింది? మొదటి సందర్భంలో అర్థం చెప్పింది జడ్జిలే. రెండో సందర్భంలో ఊరివాళ్లకు ఆ అవకాశం లేదు. కాబట్టి ఏ బిల్లులోనైనా, ఏ ప్రాజెక్టు ప్రకటనలోనైనా 'స్థానికులతో సంప్రదించి' అని కనిపిస్తే మూడు విషయాలు చూడాలి. అడిగేముందు సమాచారమంతా ఇస్తారా? కాదంటే కారణం రాసి చెబుతారా? ఊరు వద్దంటే పని ఆగుతుందా? మూడో ప్రశ్నకు జవాబు 'ఆగదు' అయితే, అక్కడున్నది సమ్మతి కాదు, సంప్రదింపు మాత్రమే.