నవలలోని అణుబాంబు

విజ్ఞాన కాల్పనిక నవలలను మనలో చాలమంది కాలక్షేపమునకై చదువుదురు. అట్టి నవల యొకటి పాఠకుని రాజకీయ దృష్టిని మార్చగలదా? హంగేరీలో జన్మించిన లియో సిలార్డ్ అను భౌతికశాస్త్రజ్ఞుని చరిత్ర ఈ ప్రశ్నకు చక్కని సమాధానము నిచ్చుచున్నది.

1914లో ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ ‘ది వరల్డ్ సెట్ ఫ్రీ’ అను నవలను ప్రకటించెను. రేడియము వంటి మూలకములలోని శక్తి వేలకొలది సంవత్సరముల పాటు కొద్దికొద్దిగా వెలువడుచుండును. దానిని మానవుడు తన యిష్టప్రకారము త్వరగా వెలువరింపగలిగినచో ఏమగును? ఇదియే కథకు బీజము. ఫ్రెడరిక్ సాడీ రేడియమును గూర్చి వ్రాసిన గ్రంథము దీనికి ఆధారము. కథలో 1933లో ఒక శాస్త్రజ్ఞుడు ఈ రహస్యమును ఛేదించును. 1956లో మహాయుద్ధము వచ్చి, విమానముల నుండి వేసిన అణుబాంబులచే నగరములు నాశనమగును. తుదకు దేశములన్నియు కలిసి ఒకే ప్రపంచ ప్రభుత్వమును ఏర్పరచుకొనును.

సిలార్డ్ ఈ నవలను 1932లో బెర్లినులో చదివెను. అప్పుడది ఆయనకు వట్టి కథగానే తోచినది. మరుసటి సంవత్సరము హిట్లరు అధికారమునకు రాగా, యూదుడైన సిలార్డ్ జర్మనీ విడిచి లండను చేరెను. పరమాణువుల మార్పిడి నుండి శక్తిని ఆశించుట భ్రమ యని రూథర్‌ఫర్డ్ పలికినట్లు సెప్టెంబరులో పత్రికలో చదివి, వీథిలో నడచుచు ఆ విషయమునే ఆలోచింపసాగెను. న్యూట్రానుకు విద్యుదావేశము లేదు గనుక అది పరమాణు కేంద్రకమును సులభముగా చొరగలదు. ఒక న్యూట్రాను తగిలినప్పుడు రెండింటిని వెలువరించు మూలకము దొరికినచో, ఒకటి రెండగును, రెండు నాలుగగును. పదియవ అంచెకు 1,024, ఇరువదియవ అంచెకు పదిలక్షలకు పైన. ఇదియే శృంఖలాచర్య.

ఏడాది క్రిందట చదివిన కథ ఇప్పుడాయనకు భయము గొల్పెను. 1934లో ఈ భావమునకు పేటెంటు కోరి, అది రహస్యముగా నుండుటకై 1936లో బ్రిటిషు నౌకాదళ శాఖకు అప్పగించెను. కనుగొన్నదానిని లోకమునకు చాటుట శాస్త్రజ్ఞుల ఆచారము. పేటెంటును దాచుటకు వెల్స్ నవలను చదివి యుండుటయే కారణమని ఆయనయే తరువాత చెప్పెను.

1938 చివర జర్మనీలో యురేనియము విచ్ఛిత్తి కనుగొనబడెను. హిట్లరుకు బాంబు చిక్కునను భయముతో, 1939లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టుకు ఐన్‌స్టీన్ సంతకముతో లేఖ పంపించినవాడు సిలార్డే. 1945లో జర్మనీ లొంగిన పిమ్మట, లొంగుబాటు షరతులను బహిరంగముగా తెలిపి జపాను నిరాకరించిననే తప్ప బాంబు వేయరాదని అర్జీ వ్రాసి, 70 మంది సంతకములు చేర్చినవాడును ఆయనయే. ఆగస్టు 6న హిరోషిమా దగ్ధమగుటకు ముందు ఆ అర్జీ అధ్యక్షుని చేరలేదు. 1962లో అణ్వాయుధ నియంత్రణకై ఆయన ఒక సంస్థను స్థాపించెను.

వెల్స్ నవల సిలార్డుకు భౌతికశాస్త్రమును నేర్పలేదు. నవలలోని బాంబునకును నిజమైన బాంబునకును పోలిక తక్కువ. ఆయనను ఏ పక్షమునను చేర్చలేదు. బాంబు కావలెనన్నవాడును, వేయరాదన్నవాడును ఆయనయే గదా! నవల ఇచ్చినది ఒక ప్రశ్న మాత్రమే: ఈ శక్తి ఎవరి చేతికి పోవును? సత్యము ఎదుట పడువరకు ఆ ప్రశ్న మనసులో నిద్రించి, సమయమునకు మేల్కొన్నది. నేటి విద్యార్థి చదువు నవలలలోను ఇట్టి ప్రశ్నలు లేకపోలేదు.