హల్ఖా: కలిసి నేర్చుకొనే పద్ధతి

'హల్ఖా' అనే అరబీ పదానికి వలయమని అర్థం. మస్జిదులో గురువు చుట్టూ విద్యార్థులు వలయాకారంగా కూర్చొని చదువుకొనేవారు గనుక అధ్యయన గోష్ఠికి ఆ పేరు వచ్చింది. మద్రసాలు ఏర్పడక ముందే ఈ పద్ధతి వాడుకలో ఉన్నది.

ఇటువంటి గోష్ఠులలో కూఫా నగరంలో ఇమామ్ అబూ హనీఫా (699–767) నడిపినది సుప్రసిద్ధం. ఆయన వస్త్ర వ్యాపారి. గురువైన హమ్మాద్ మరణానంతరం ఆ గోష్ఠి బాధ్యత ఆయనకు సంక్రమించింది. అక్కడ ఒక సమస్యను అందరి ముందు ఉంచేవారనీ, శిష్యులు తమ తమ అభిప్రాయాలను ఆధారసహితంగా వినిపించేవారనీ, చర్చ ఒక్కొక్కప్పుడు రోజుల తరబడి సాగేదనీ చరిత్రకారులు చెబుతారు.

మరి అభిప్రాయాలు కలవకపోతే? ఒక ఉదాహరణ చూద్దాం. పంటలో వంతు ఇచ్చే షరతుపై పొలాన్ని సాగుకివ్వటం ధర్మసమ్మతమా? పంట ఎంత వస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియదు గనుక అటువంటి ఒప్పందం చెల్లదన్నారు ఇమామ్ గారు. ఆయన శిష్యులు అబూ యూసుఫ్ (మరణం 798), ముహమ్మద్ షైబానీ (మరణం 805) అంగీకరించలేదు. దైవప్రవక్త (స) ఖైబర్ భూములను అక్కడివారికి సగం పంటకు ఇచ్చిన విషయాన్ని వారు ఆధారంగా చూపారు. ఒకరి పెట్టుబడి, మరొకరి శ్రమతో వ్యాపారం చేయటం ధర్మసమ్మతమైనప్పుడు సేద్యం ఎందుకు కాదన్నారు.

గురువు మాటకు విరుద్ధమైనా శిష్యుల అభిప్రాయం మరుగున పడలేదు. గురువు అభిప్రాయంతోపాటే అదీ హనఫీ గ్రంథాలకెక్కింది. ఈ విషయంలో తరువాతి హనఫీ విద్వాంసులు శిష్యుల పక్షానికే ఫత్వా ఇచ్చారు. సొంత పొలం లేని రైతుకూ, స్వయంగా సాగు చేయలేని యజమానికీ దానివల్ల దారి దొరికింది.

నేడు ఇంట్లోనో, మస్జిదులోనో పదిమందితో గోష్ఠి జరపదలచినవారు ఇందులో గ్రహించవలసినది ఎంతో ఉన్నది. ఒక సమావేశానికి ఒకే ప్రశ్న తీసుకొని, దానిని ముందుగానే అందరికీ తెలపాలి. నిర్వాహకుడు తన అభిప్రాయాన్ని చివరలో చెప్పటం మంచిది. మొదటే చెబితే గౌరవం కొద్దీ మిగిలినవారు నోరు విప్పరు. మౌనంగా ఉన్నవారిని ఆప్యాయంగా పలకరించి వారి అభిప్రాయం అడగాలి. చెప్పినవారి వయస్సును గాక, చూపిన ఆధారాన్ని పరిశీలించాలి. చివరకు తేలిన విషయంతోపాటు తేలని భేదాన్ని కూడా వ్రాసి ఉంచాలి. ఈనాడు ఒక్కరే చెప్పిన మాట రేపు పలువురికి అవసరం కావచ్చు.