ఒక్క గోల్‌కి కోచ్‌ను తప్పుపట్టొచ్చా?

అమెరికా కాలేజీ మహిళల ఐస్ హాకీలో విస్కాన్సిన్, ఒహాయో స్టేట్ జట్లు 2023, 2024, 2025 జాతీయ ఫైనల్స్ మూడింట్లోనూ తలపడ్డాయి. మొదటి ఏడు విస్కాన్సిన్ 1-0తో గెలిచింది. మరుసటి ఏడు ఒహాయో స్టేట్ అదే 1-0తో బదులు తీర్చుకుంది. 2025లో ఓవర్‌టైమ్ దాకా వెళ్లి విస్కాన్సిన్ 4-3తో కప్పు పట్టుకుపోయింది. మొత్తం 180 నిమిషాలు దాటిన ఆటలో 9 గోల్స్, అందులో విస్కాన్సిన్‌వి 5, ఒహాయో స్టేట్‌వి 4. మూడేళ్లకూ కలిపి తేడా ఒక్క గోల్.

ఇంత దగ్గరి పోరులో ఓడినా అభిమాని కోపం ముందు కోచ్ మీదికే పోతుంది. విస్కాన్సిన్ కోచ్ మార్క్ జాన్సన్‌కు 2025 నాటికి 8 టైటిళ్లున్నాయి. ఒహాయో స్టేట్ కోచ్ నదీన్ మ్యూజరాల్‌కు 2022, 2024ల్లో రెండు. అలాగని వాళ్లను ప్రశ్నించకూడదని కాదు, ప్రశ్నించాల్సిందే. కానీ స్కోరుబోర్డు ఒక్కటే చూసి తీర్పు చెబితే చాలాసార్లు అన్యాయమే జరుగుతుంది.

2023 ఫైనల్ చూద్దాం. ఒహాయో స్టేట్ కొట్టిన 31 షాట్లు గోల్ దాకా వెళ్లాయి. విస్కాన్సిన్ గోలీ కామీ క్రోనిష్ 31నీ ఆపేసింది. మంచి గోలీ నూటికి 93 షాట్లు ఆపుతుందనుకుందాం. ఆ లెక్కన 31 షాట్లకు సుమారు రెండు గోల్స్ పడాలి. ఒక్కటీ పడకుండా పోయే అవకాశం ఎంత? 0.93ను 31 సార్లు హెచ్చవేస్తే దాదాపు 0.1 వస్తుంది. అంటే అలాంటి ఆటలు పది ఆడితే తొమ్మిదింట్లో కనీసం ఒక గోల్ పడుతుంది. ఆ రోజు పడిన సున్నాను చూపించి మ్యూజరాల్ ప్లాన్ పనికిరాదనడం నాకు సబబుగా తోచదు.

అయితే ఆ 93 సగటు మాత్రమే. అన్ని షాట్లూ ఒకటి కావు. నీలి గీత దగ్గర్నుంచి, అంటే 60 అడుగులకు పైగా దూరం నుంచి కొట్టిన పక్‌ను, ఎదురుగా ఎవరూ అడ్డం లేకపోతే గోలీ చూసి చూసి పట్టేస్తుంది. అదే గోల్ ముందు ఇద్దరు నిలబడి ఆమె చూపుకు అడ్డొస్తే, ఆపినా పక్ మళ్లీ కర్రల మధ్యే పడుతుంది. కాబట్టి కోచ్‌ను అడగాల్సింది ఎన్ని కొట్టారని కాదు, ఎక్కడ నిలబడి కొట్టారని. ప్రత్యర్థికి 2 నిమిషాల పెనాల్టీ పడి ఒక మనిషి తగ్గినప్పుడు కూడా జట్టు బయట బయటే పాసులిచ్చుకుంటుంటే, అది కచ్చితంగా కోచింగ్ లోపమే. ఒక వరుస క్రీడాకారిణులు ఒక్కసారికి ముప్పావు నిమిషం ఆడి బెంచీకి రావాలి. మూడో పీరియడ్‌లో రెండు వరుసలనే తిప్పుతూ వాళ్ల కాళ్లు లాగేదాకా ఆడిస్తే, అదీ కోచ్ ఖాతాలోకే.

ఇక గట్టిగా గుద్ది ఆడాలనే మాట. అమెరికా కాలేజీ మహిళల ఐస్ హాకీ నిబంధనల్లో బాడీ చెకింగ్‌కు చోటు లేదు. గుద్దితే వచ్చేది పెనాల్టీ, దాంతో ప్రత్యర్థికి 2 నిమిషాలు ఒక మనిషి ఎక్కువ. ఇక్కడ దారి మూయాల్సింది స్కేటింగ్‌తో, నిలబడే చోటుతో.

కోచింగ్ కళ్లకు కట్టినట్టు కనిపించిన ఘట్టం 2025 ఫైనల్‌లో ఉంది. మినియాపొలిస్ రిడ్డర్ అరీనాలో ఒహాయో స్టేట్ 3-2తో ముందుంది. గడియారంలో మిగిలింది 18.9 సెకన్లు. గోల్ ముందరి గీత లోపల ఒహాయో స్టేట్ క్రీడాకారిణి పక్‌ను చేత్తో కప్పిందని విస్కాన్సిన్ బెంచ్ చాలెంజ్ చేసింది. రిఫరీలు వీడియో చూసి పెనాల్టీ షాట్ ఇచ్చారు. కర్స్టెన్ సిమ్స్ ఒంటరిగా స్కేట్ చేస్తూ వచ్చి గోల్ కొట్టింది. 3-3. ఓవర్‌టైమ్‌లో గెలుపు గోల్ కూడా ఆమెదే. ఆ రోజు ఆ చాలెంజ్ చేయకపోయి ఉంటే, జాన్సన్ రెండో ఏడు కూడా అదే జట్టు చేతిలో, అదే ఒక్క గోల్ తేడాతో ఓడిన కోచ్ అయ్యేవాడు.