అద్దె సర్వరా? ముందు ఊరు చూడండి!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ రోజుల్లో అయితే 'ఇంటర్నెట్‌లో షాపు పెట్టి చూడు' అని కూడా కలిపేవారేమో!

మా వదినది మంగళగిరి. చేనేత చీరల వ్యాపారం. మొదట్లో ఫోన్లోనే ఫోటోలు పంపి అమ్మేది. తర్వాత వెబ్‌సైట్ పెట్టింది. తెలిసిన మరో ఏడుగురు ఆడవాళ్ల షాపుల్నీ అందులోనే చేర్చుకుంది. ఆర్డర్లు, సరుకు లెక్కలు, నేతగాళ్లకు ఇవ్వాల్సిన డబ్బులు అన్నీ అందులోనే. పని పెరిగింది కదా అని విడిగా ఒక సర్వర్ అద్దెకు తీసుకుంది. చౌకగా వస్తోందని అమెరికాలో ఉన్నదాన్ని ఎంచుకుని, ఏడాది అద్దె ముందే కట్టేసింది.

తీరా దసరా వారం వచ్చేసరికి సైటు నడవనని మొరాయించింది. చీర బొమ్మ సగం వచ్చి ఆగిపోయేది. డబ్బు కట్టే పేజీ తిరుగుతూనే ఉండేది. విసుగెత్తి జనం వేరే షాపులకు వెళ్లిపోయారు. "పండగలోపు డబ్బులిస్తానని నేతగాళ్లకు మాటిచ్చాను. ఏ మొహం పెట్టుకుని వాళ్ల గడప తొక్కను?" అంటుంటే ఫోన్లో వదిన గొంతు పూడుకుపోయింది.

తప్పెక్కడ జరిగిందో చెప్పింది వదిన చెల్లెలి కొడుకు. కంప్యూటర్ల పనిలో ఉన్నాడు. "నీ షాపు మంగళగిరిలో ఉంది గానీ పెద్దమ్మా, బీరువా అమెరికాలో పెట్టావు. గుంటూరావిడ చీర చూపించమన్న ప్రతిసారీ అంత దూరం వెళ్లి తెస్తున్నావు" అన్నాడు నవ్వుతూ.

వాటానా, విడి ఇల్లా?

సర్వర్ అంటే మన సైటు సరంజామా అంతా దాచి, అడిగినవాళ్లకు అందించే కంప్యూటర్. ఒకే సర్వర్‌ను పదిమంది పంచుకుంటే అది వాటాల ఇల్లు లాంటిది. అద్దె తక్కువే, కానీ పక్క వాటా వాళ్లు కుళాయి తిప్పితే మనకు ధార సన్నబడుతుంది. మొత్తం యంత్రాన్ని మనమే అద్దెకు తీసుకుంటే అది డెడికేటెడ్ సర్వర్. విడి ఇల్లన్నమాట. రోజుకు పాతిక ఆర్డర్లు వచ్చే చిన్న షాపుకి వాటా చాలు. వేల ఫోటోలు, పలు షాపుల లెక్కలు ఒకచోట చేరినప్పుడే విడి సర్వర్ గురించి ఆలోచించండి.

దూరం భారమే!

కంప్యూటర్లకు దూరమేమిటి అనుకుంటాం. కానీ సమాచారం వెళ్లేది గాజు తీగల్లో, వెలుతురు రూపంలో. ఆ తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మనకూ అమెరికాకూ మధ్య 13, 14 వేల కిలోమీటర్లు. పోయి రావడానికే సెకనులో ఏడో వంతు పడుతుంది. తీగలు సముద్రాల్లో చుట్టూ తిరిగి వెళ్తాయి కాబట్టి నిజానికి పావు సెకను దాకా అవుతుంది.

పావు సెకనే కదా అనకండి! పేజీలో మొదటి అక్షరం కనిపించేలోపే ఫోనుకూ సర్వర్‌కూ మధ్య మూడు నాలుగుసార్లు రాకపోకలు జరగాలి. అక్కడే సెకను గడిచిపోతుంది. ఆపైన బొమ్మలు, ఆపైన చెల్లింపు. అదే సర్వర్ ముంబయిలోనో, హైదరాబాద్‌లోనో ఉంటే ఒక రాకపోకకు సాధారణంగా సెకనులో వందింట రెండు మూడు వంతులు చాలు.

కాబట్టి మొదటి ప్రశ్న 'అద్దె ఎంత?' అని కాదు, 'నా కస్టమర్లు ఎక్కడున్నారు?' అని. వదిన చీరలు కొనేవాళ్లలో ఎక్కువమంది తెలుగు రాష్ట్రాలవాళ్లే. కొద్దిమందే డాలస్‌లో ఉన్నారు. వాళ్ల కోసం ఫోటోల నకళ్లను అక్కడికి దగ్గర్లో ఉంచే ఏర్పాటు విడిగా దొరుకుతుంది. దాన్ని సీడీఎన్ అంటారు. అంతమాత్రానికి బీరువానే తరలించక్కర్లేదు.

ఊరొక్కటే చాలదు, దారి కూడా చూడాలి

సర్వర్ మన ఊళ్లోనే ఉన్నా దారి సరిగా లేకపోతే లాభం లేదు. రెండు కంపెనీల నెట్‌వర్కులు దగ్గర్లో కలవకపోతే, పక్క వీధికి వెళ్లడానికి ఊరంతా చుట్టినట్టు సమాచారం వేరే దేశం దాకా పోయి వస్తుంది. మన దేశంలోని సమాచారం మన దేశంలోనే మారేలా చూడడానికే 2003లో 'నిక్సీ' అనే జాతీయ సంస్థను ఏర్పాటు చేశారు. మీరు అద్దెకు తీసుకునే చోటికి కనీసం రెండు వేర్వేరు కంపెనీల లైన్లు వస్తున్నాయా అని అడగండి. ఒకటి తెగితే రెండోది ఆదుకుంటుంది.

తీగలు తెగడం కొత్తేమీ కాదు. 2008 జనవరిలో ఈజిప్టు తీరంలో సముద్రపు కేబుళ్లు తెగితే మన దేశంలో ఇంటర్నెట్ నత్తనడక నడిచింది. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలోనూ అదే జరిగింది. సర్వర్ దేశంలోనే ఉంటే అలాంటి రోజున మన ఊరివాళ్లకు ఇబ్బంది తక్కువ.

ఇక లైను వెడల్పు. 100 ఎంబీపీఎస్ లైను అంటే సెకనుకు 12 ఎంబీ చిల్లర మాత్రమే. ఫోన్లో తీసిన చీర ఫోటో ఒక్కోటి 4 ఎంబీ. అంటే సెకనుకు మూడు ఫోటోలే! పండగ రోజు వందమంది ఒకేసారి తలుపు తడితే ఏం కావాలి? వదిన చేత మొట్టమొదట చేయించిన పని ఫోటోలను కుదించడం. 4 ఎంబీని 200 కేబీకి తెస్తే అదే లైనులో సెకనుకు అరవై ఫోటోలు పోతాయి. పైసా ఖర్చు లేని మందు ఇది. ఆ తర్వాతే పెద్ద లైను మాట.

వంటింటి తలుపు వీధిలోకి వద్దు

కస్టమర్లు రావలసింది వీధి గుమ్మం నుంచే. ఆర్డర్ల లెక్కలు, ఫోన్ నంబర్లు, చిరునామాలు ఉండే డేటాబేస్ వంటిల్లు లాంటిది. దాన్ని లోపలి నెట్‌వర్కులోనే ఉంచి, ఫైర్‌వాల్‌తో కాపలా పెట్టించండి. బయటినుంచి సర్వర్‌ను నడిపే తాళం మీ మనిషికి ఒక్కడికే, అదీ వీపీఎన్ దారిలోనే అందాలి. కార్డు నంబర్లు మాత్రం మీ దగ్గర దాచనే దాచకండి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కస్టమర్ల వివరాలను కాపాడే బాధ్యతను వ్యాపారుల మీద పెట్టింది.

చేతులు కాలకముందే...

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ భవనం ఒకటి తగలబడింది. నకలును కూడా అక్కడే పెట్టుకున్నవాళ్లలో కొందరికి ఏమీ మిగల్లేదు. మనకు మంటలే కాదు, నీళ్లూ గాలీ కూడా భయమే. 2005 జులై 26న ముంబయిలో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఫోన్లు మూగబోయిన సంగతి మరిచిపోగలమా? 2015 డిసెంబరులో చెన్నై మునిగింది.

అందుకే సర్వర్ ఒక ఊళ్లో ఉంటే నకలు మరో ఊళ్లో ఉండాలి. ఒకే తుపాను రెంటినీ తాకనంత దూరంలో ఉండాలి. నెలకోసారి ఆ నకలును తెరిచి, పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. ఆవకాయ జాడీ మూత తీసి చూడమూ? అలాగే!

సంతకానికి ముందు అడగండి

* పరీక్షకు ఒక ఐపీ అడ్రస్ ఇవ్వమనండి. రాత్రి 8 నుంచి 10 మధ్య, మూడు వేర్వేరు కంపెనీల సిమ్ములతో వేగం చూడండి. రద్దీ వేళలోనే అసలు రంగు బయటపడుతుంది.
* లైను మనకొక్కరికేనా, పంచుకోవాలా? నెలకు ఎంత డేటా? దాటితే ఎంత వసూలు చేస్తారు?
* 99.9 శాతం పనిచేస్తుందంటే నెలకు 43 నిమిషాలు ఆగవచ్చని అర్థం. 99 శాతమంటే ఏడు గంటలు పైనే! మాట తప్పితే డబ్బు వెనక్కిస్తారా?
* కరెంటు పోతే జనరేటర్ ఉందా? అర్ధరాత్రి ఫోన్ చేస్తే మనిషి పలుకుతాడా?
* మొదట నెల అద్దెకే తీసుకోండి. ఏడాదిది తర్వాత చూసుకోవచ్చు.

మా వదిన ముంబయి సర్వర్‌కు మారింది. హైదరాబాద్‌లో నకలు పెట్టుకుంది. అమెరికా సర్వర్‌కు కట్టిన అద్దె తిరిగి రాలేదు. అయితేనేం, సంక్రాంతికి సైటు ఒక్క నిమిషం కూడా ఆగలేదు. భోగి ముందు రోజు నేతగాళ్ల బాకీలన్నీ తీర్చేసి ఫోన్ చేసింది. "ఈసారి తలెత్తుకుని వాళ్ల గడప తొక్కాను" అంది.

ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు నీళ్లొస్తాయా, దారి బావుందా, ఇరుగుపొరుగు ఎలాంటివాళ్లు అని పది ప్రశ్నలు అడుగుతాం. సర్వర్ దగ్గర మాత్రం 'ఇవన్నీ మగవాళ్ల వ్యవహారం' అని ఊరుకుంటాం. ఊరుకోకండి. షాపు మీది, డబ్బు మీది. అడిగే హక్కూ మీదే!