భక్తుని వోటు

ఎన్నికలు సమీపించినప్పుడు రాజకీయ నాయకులకు దైవభక్తి పొడముట లోకమున నంతటను గల వింతయే. మన దేశమున గుడి మెట్లును, అమెరికాలో చర్చి గడపలును ఆ దినములలో మఱికొంత యఱుగుచుండును. కాని భక్తుని వోటు వేషమునకు లొంగునది కాదు. ఈ సత్యమును అమెరికా సంయుక్త రాష్ట్రముల చరిత్రము మిక్కిలి విశదముగా బోధించుచున్నది.

1928లో డెమొక్రాటిక్ పక్షమువారు న్యూయార్కు గవర్నరగు ఆల్ స్మిత్తును అధ్యక్ష పదవికి నిలువబెట్టిరి. ఆయన రోమను కాథలిక్కు. ఆయన గెలిచినచో పోపు శాసనమే దేశమున చెల్లునని ప్రొటెస్టెంటులు భయపడిరి. ఓటమికి మఱికొన్ని హేతువులును లేకపోలేదు; కాని ఆ పక్షమునకు పెట్టనికోటలైన దక్షిణ రాష్ట్రములలో గొన్ని చేజాఱుటకు ఈ భయమే ముఖ్యకారణము. ముప్పదిరెండేండ్ల పిమ్మట మఱియొక కాథలిక్కు, జాన్ కెనడీ, అదే భయము నెదుర్కొనవలసి వచ్చెను. ఆయన దాగికొనలేదు. 1960 సెప్టెంబరు 12న హూస్టన్ నగరమున ప్రొటెస్టెంటు మతాచార్యుల సభకు స్వయముగా పోయి, తన మనస్సాక్షికిని దేశహితమునకును పొత్తు కుదరని దినమున పదవినే త్యజింతునని ప్రకటించెను. శంకించువారి యింటికే పోయి సమాధానము చెప్పిన ధైర్యమది. ఆయన అత్యల్పాధిక్యముతోనైనను గెలిచెను.

1976లో గెలిచిన జిమ్మీ కార్టరు కథ వేఱు. ఆయన బాప్టిస్టు, ఆదివార పాఠశాలలో బైబిలు బోధించువాడు. ఆయన భక్తిని శంకించినవాడు లేడు. అయినను 1978లో జాతిభేదమును పాటించు ప్రైవేటు పాఠశాలలకు పన్ను మినహాయింపు తొలగింప ప్రభుత్వము తలపెట్టగా క్రైస్తవ పాఠశాలలవారు కుపితులైరి. గర్భస్రావ విషయమునను అసంతృప్తి ప్రబలెను. 1979లో జెర్రీ ఫాల్వెల్ అను మతాచార్యుడు ‘మోరల్ మెజారిటీ’ సంస్థను స్థాపించెను. మఱుసటి యేట ఆ భక్తులలో అనేకులు పరమభక్తుడగు కార్టరును విడిచి, విడాకులు పొంది మరల వివాహమాడిన రీగనుకు వోటు వేసిరి!

2016లో ఈ వింత మఱింత స్పష్టమయ్యెను. డొనాల్డు ట్రంపును భక్తుడని పొగడినవారు తక్కువ. కాని ఆయన సుప్రీముకోర్టునకు తాను నియమింపదలచిన న్యాయమూర్తుల జాబితాను ఎన్నికకు ముందే వెల్లడించెను. శ్వేతజాతి ఎవాంజలికల్ వోటర్లలో నూటికి సుమారు 80 మంది ఆయన పక్షము వహించిరి. ఆయన ముగ్గురు న్యాయమూర్తులను నియమించెను. గర్భస్రావ హక్కును గుర్తించిన 1973 నాటి తీర్పును 2022లో ఆ కోర్టు త్రోసివేసెను. ఆ తీర్పు మంచిచెడ్డలు వేఱు మాట. భక్తుడు నాయకుని జపమాలను గాక, వాగ్దానమును పరీక్షించునని మాత్రము దీనివలన తేలుచున్నది.

మఱియొక వైపు నల్లజాతివారి చర్చీలను చూడుడు. 1955లో మాంట్‌గొమరీ బస్సుల బహిష్కారము ఆ చర్చీలనుండియే నడచెను. 1964 పౌరహక్కుల చట్టముపైనను, 1965 వోటుహక్కు చట్టముపైనను డెమొక్రాటిక్ అధ్యక్షుడు జాన్సను సంతకము చేసెను. ఆనాటినుండి ఆ భక్తులలో అత్యధికులు ఆ పక్షమును విడువలేదు. ఇది బైబిలు వాక్యములు వల్లించి సంపాదించిన విశ్వాసము కాదు. కష్టకాలమున తోడు నిలిచినందున లభించిన విశ్వాసము.

కావున పక్షములు గ్రహింపవలసిన దేమన: భక్తుని మూఢుడని యెగతాళి చేసిన పక్షమునకు ఆతని గుమ్మము మూతపడును. ఎన్నికల నెలలో మాత్రమే వచ్చి, గెలిచిన పిమ్మట ఏఱు దాటి తెప్ప తగులవేయువానిని ఆతడు మఱువడు. భిన్నాభిప్రాయ మున్నచోట నది దాచక, మర్యాదతో కారణము చెప్పినచో, అంగీకరింపకున్నను గౌరవించును. భక్తుడు భక్తుడు మాత్రమే కాడు. ఆతడు రైతు, కూలివాడు, బిడ్డల తండ్రి. ధాన్యపు ధర, వైద్యము, పాఠశాల ఆతని ప్రార్థనలలోనే యున్నవి.

అయితే మతమును తమ పక్షపు జెండాకఱ్ఱగా చేసికొనువారు ఒక ప్రమాదమును తలంపవలెను. అమెరికాలో ఏ మతమునకును చెందమని చెప్పువారు 2007లో నూటికి 16 మంది. 2024 నాటికి సుమారు 29 మంది. మతము రాజకీయములతో పెనవేసికొనుటయు దీనికొక కారణమని కొందఱు పండితుల యభిప్రాయము. పక్షము గెలిచినను చర్చి ఓడవచ్చును.

మన దేశమున 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము మతము పేర వోటడుగుట అక్రమమని శాసించినది. అభ్యర్థి మతమే గాక వోటరు మతము పేరను అడుగరాదని 2017లో సుప్రీముకోర్టు నలుగురు, ముగ్గురు న్యాయమూర్తుల భేదముతో తీర్పు చెప్పెను. ఈ నిబంధనము భక్తుని కవమానము కాదు; ఆతని దేవుని అంగడి వస్తువు కానీయని రక్ష. వోటు కావలసిన నాయకుడు దేవాలయమునకు పోవచ్చును, దండము పెట్టవచ్చును. కాని తిరిగి వచ్చునపుడు ఆ వీథిలో మురుగు కాలువ యేల పూడిపోయినదో కూడ విచారింపవలెను. భక్తుడు చూచుచున్నది దానినే.